ఆడపిల్లకి తుపాకీ ఏంటండీ?

మొన్న దసరాకి మా ఇంట్లో ఆయుధపూజ కాస్త వేరుగా జరిగింది. ప్రతి ఏడూ నా కుట్టుమిషను, కత్తిపీట, మావారి స్క్రూడ్రైవర్ల డబ్బా హాల్లో వరసగా పెట్టి మా అత్తగారు బొట్లు పెడతారు. ఈసారి ఆ వరస చివర నల్లటి పొడుగాటి పెట్టె ఒకటి చేరింది. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇన్నాళ్ళకి మనింట్లోకి నిజంగా ఒక ఆయుధం వచ్చిందే" అంటూ మూత మీద కుంకుమ పెట్టి, బంతిపువ్వు ఉంచారు.

జమ్మి ఆకు ఇవ్వడానికి వచ్చిన పక్క ఫ్లాటావిడ ఆ పెట్టె చూసి వీణ అనుకున్నారు. కాదండీ, మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ అన్నాను. ఎంతయిందని అడిగారు. చెప్పాను. "ఆడపిల్లకి తుపాకీ ఏంటండీ! ఆ డబ్బుకి చేతికి రెండు గాజులన్నా వచ్చేవి కదా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ పెట్టెలో ఉన్నవి నా గాజులేనని ఆవిడకి తెలియదు.

మేముండేది చిక్కడపల్లి. ఇంట్లోంచి బయటకొచ్చి అశోక్ నగర్ వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళు, పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున్నే బ్యాగులు పట్టుకుని నిలబడే పిల్లల్ని రోజూ చూస్తాను. గ్రూప్స్ కోసం ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయినవాళ్ళున్నారు. వాళ్ళ వెనక ఎక్కడో ఊళ్ళో అమ్మిన అరెకరమో, తాకట్టు పెట్టిన పుస్తెలతాడో ఉంటుంది. ఆ ఖర్చుని ఎవరూ "ఏంటండీ" అనరు. చదువు కదా! అదే డబ్బు ఆడపిల్ల ఆటకి పెడితే మాత్రం కాలనీ మొత్తానికి లెక్క చెప్పాలి. ఈ విషయంలో నాకు మొదట్నుంచీ కోపమే. కానీ ఈ రోజు రాయాలనుకున్నది ఆ కోపం గురించి కాదు. నేను చేసిన ఒక పొరపాటు గురించి.

మా అమ్మాయి ఈ ఆటలోకి ఎలా వెళ్ళిందో ముందు చెప్తాను. ఏడో తరగతి సెలవుల్లో నారాయణగూడ వైఎంసీఏలో బాస్కెట్‌బాల్‌కి పంపాను. రెండు వారాలు కూడా వెళ్ళలేదు. అరుపులంటే దానికి పడవు. తర్వాత మా మరిది కొడుకుతో కలిసి ఒక రేంజికి సరదాగా వెళ్ళింది. సాయంత్రం వచ్చి, "అక్కడ ఎవరూ మాట్లాడరమ్మా, భలే ఉంది" అంది. అలా మొదలైంది.

నాకు తుపాకీ అంటే సినిమాల్లో చూసిందే. వెళ్ళి చూస్తే అది ధ్యానంలాంటి వ్యవహారం. 10 మీటర్ల దూరంలో ఒక అట్టముక్క. నల్లటి చుట్లతో కలిపి దాని మీది గురి వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, అంటే మనం కాల్చే చిన్న అప్పడం కన్నా చిన్నది. మధ్యలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. బొంబాయి రవ్వ పలుకంత! నాలుగున్నర, ఐదు కిలోల రైఫిల్‌ని నిలబడి ఎత్తిపట్టుకుని, 75 నిమిషాల్లో 60 సార్లు ఆ రవ్వపలుకుని కొట్టాలి. 2018కి ముందు మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 40 ఉండేవట. ఇప్పుడు ఇద్దరికీ ఒకటే. ఈ సంగతి చెప్తే మా అత్తగారు, "ఇన్నాళ్ళూ ఆ ఇరవై ఎందుకు తగ్గించారో" అని చాలాసేపు ఆలోచించారు.

ఏడాదిన్నర పాటు క్లబ్బు రైఫిల్‌తోనే నేర్చుకుంది. ఒక్క రైఫిల్‌ని ఐదారుగురు వాడతారు. భుజానికి ఆనించే పలక, చెంప ఆనించే చెక్క, చేతిపిడి... అన్నీ ఎవరి కొలతకి వాళ్ళు మార్చుకోవాలి. మా అమ్మాయి తన కొలతలన్నీ నోటుబుక్కులో రాసుకుని, వెళ్ళగానే పది నిమిషాలు స్క్రూలు తిప్పుకునేది. మనం ఒకరి జాకెట్టు ఇంకొకరం పిన్నీసులు పెట్టుకుని వేసుకున్నట్టే. స్కోరు ఒక చోటికి వచ్చి ఆగిపోయినప్పుడు కోచ్ పిలిచి, ఇక సొంతది ఉంటే మంచిదమ్మా అన్నారు.

కొనబోయే అమ్మలకి పనికొస్తుందని ఎంపిక సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు కన్ను చూడాలి. మా అమ్మాయి కుడిచేత్తో రాస్తుంది, కుడిచేత్తో తింటుంది. కోచ్ ఒకరోజు రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూడమన్నారు. కుడికన్ను మూస్తే గడియారం అలాగే ఉంది, ఎడమకన్ను మూయగానే మాయమైంది. అంటే గురి చూసేది ఎడమ కన్ను! మీ పిల్లలతో ఇప్పుడే చేయించి చూడండి, పైసా ఖర్చు లేదు. నెలరోజులు ఎడమ భుజం మీద పెట్టి కాల్పించి చూశారు. కుదిరింది. దాంతో మాకు కావలసింది ఎడమచేతి పిడి ఉన్న రైఫిల్ అని తేలింది.

ఇది తెలియక ముందే మేము ఒక దుకాణానికి వెళ్ళాం. పిల్లని ఒక్కసారి కూడా నిలబెట్టి చూడకుండా, ఉన్నవాటిలో ఖరీదైనది తీసి టేబుల్ మీద పెట్టారు. ఒలింపిక్స్‌లో వాడేది ఇదేనన్నారు. మూడు లక్షలకి అటూ ఇటూ. మావారు ముచ్చటపడిపోయారు. ఆ రోజు కొని ఉంటే కుడిచేతిది కొనేవాళ్ళం. వాల్తేర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్, స్టైర్... ఈ పేర్లన్నీ ఇప్పుడు నాకు పచ్చళ్ళ పేర్లలా నోటికొచ్చు. జర్మనీవి, ఆస్ట్రియావి. పై తరగతి రైఫిళ్ళని బిగించి కాలిస్తే అన్నీ ఒకే కన్నంలో పడేస్తాయి. ఆ స్థాయిలో తేడా ఇనుములో కాదు, మన పిల్ల మెడ ఎంత పొడుగు, చేతులెంత పొడుగు, వచ్చే రెండేళ్ళలో ఇంకెంత పెరుగుతుంది అన్నదాంట్లో ఉంది. పధ్నాలుగేళ్ళ పిల్లకి అన్ని వైపులా జరుపుకోగలిగినది కావాలి. బరువు కూడా తక్కువతో మొదలుపెట్టి తర్వాత పెంచుకునేలా ఉండాలి. గరిష్ఠంగా ఐదున్నర కిలోలు ఉండొచ్చని నియమం ఉంది కదా అని అంత బరువూ లేత వెన్ను మీద పెట్టకూడదు.

చివరికి ఇంజనీరింగులో చేరి ఆట మానేసిన ఒక అబ్బాయి దగ్గర ఎడమచేతి రైఫిల్ దొరికింది. ఐదు నెలలు ఆగితే దొరికింది. లక్షా అరవై ఐదు వేలు. వాడినది కొనేవాళ్ళు గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ తప్పకుండా చూడండి. అందులో 200 బార్ల ఒత్తిడితో గాలి ఉంటుంది, కారు టైరులో ఉండేదానికి దాదాపు తొంభై రెట్లు. తయారైన తేదీ నుంచి 10 ఏళ్ళు దాటితే దాన్ని వాడకూడదు, కొత్త సిలిండర్ కొనుక్కోవాలి. రైఫిల్‌తో ఖర్చు అయిపోదు. జాకెట్టు, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కలిపి ఇంకో యాభై వేల పైన. 500 పెల్లెట్ల డబ్బా వెయ్యి రూపాయల పైమాటే, అది వారం పది రోజులు వస్తుంది. నాకు సరుకుల లిస్టులో నూనె పక్కన అదొకటి చేరింది.

లైసెన్సు సంగతి చాలామంది అడుగుతున్నారు. బోరు 4.5 మిల్లీమీటర్లకి, శక్తి 20 జౌల్స్‌కి మించని ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే ఈ రైఫిళ్ళ శక్తి అందులో సగం కూడా ఉండదు. గుర్తింపు, చిరునామా కాగితాలు మాత్రం ఇవ్వాలి.

ఇక గాజులు. మా అమ్మ పెట్టిన జత అవి. బీరువాలోనే ఉండేవి, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి రావు. మావారు బ్యాంకు లోను అన్నారు. నేనే వద్దని ఆ జత అమ్మేశాను. ఎవరూ అడగలేదు, నా ఇష్టంతో ఇచ్చాను. అక్కడితో ఆగితే బాగుండేది. మా చెల్లెలితో ఫోన్లో, "అమ్మ గాజులు తీసి పెట్టానే, చూద్దాం, దాని అదృష్టం ఎలా ఉందో" అన్నాను. గొప్ప కోసమే అన్నాననుకోండి. పక్కగదిలో అమ్మాయి వింది.

కొత్త రైఫిల్ వచ్చిన నెలలో స్కోరు పెరగాలి కదా. క్లబ్బు రైఫిల్‌తో 595 దాకా వచ్చిన పిల్ల 585కి దిగింది. సొంత కొలతలు, సొంత పిడి, అన్నీ అమరాయి, అయినా తగ్గుతోంది. కోచ్ రైఫిల్ పరీక్షించారు, బాగానే ఉంది. పెల్లెట్లు మార్చారు. కళ్ళ డాక్టరు దగ్గరికీ వెళ్ళాం. ఒక ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నావైపు చూడకుండా, "ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే నీ గాజులు గుర్తొస్తాయమ్మా" అంది.

నాకు నోట మాట రాలేదు. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగేదాకా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మన ఊళ్ళో పెరిగిన గగన్ నారంగ్ లండన్‌లో 2012లో ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చినప్పుడు, అమ్మానాన్నలు స్థలం అమ్మి అతనికి రైఫిల్ కొన్నారని పేపర్లలో చదివి నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆ తల్లిదండ్రులకి దండం పెట్టాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ కథ మనకి తెలిసింది పతకం వచ్చాక. స్థలాలు అమ్మి, గాజులు అమ్మి, ఏ పతకమూ రాని ఇళ్ళు ఎన్నున్నాయో! ఆ ఇళ్ళల్లో పిల్లలు ఇప్పుడెలా ఉన్నారో ఏ పేపరూ రాయదు. మన త్యాగం పిల్లలకి తెలియాలి, తెలిస్తేనే బాధ్యత వస్తుంది అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు గట్టిగా కాదంటాను. అర మిల్లీమీటరు చుక్కని చూడాల్సిన పిల్లకి మధ్యలో అమ్మ బోసి చేతులు అడ్డం రాకూడదు. అశోక్ నగర్ హాస్టల్ గదుల్లో పరీక్ష ముందు రోజు ఊళ్ళో అమ్మిన పొలం గుర్తొచ్చే పిల్లలకీ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను. "ఇది నీ రైఫిల్ కాదు, ఇంటి వస్తువు, ఫ్రిజ్ లాగా. నువ్వు ఎప్పుడు మానేయాలనుకుంటే అప్పుడు మానెయ్యి. అమ్మితే లక్షో, లక్షా పదివేలో వస్తాయి. పోయేది యాభై అరవై వేలు. అంతకన్నా ఎక్కువే మీ నాన్న ఆ పాత కారు మీద పోగొట్టారు, ఆయన్ని ఎవరైనా పతకం తెమ్మన్నారా?" మావారు పప్పు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నారు. అమ్మాయి చాలా రోజుల తర్వాత పడీ పడీ నవ్వింది.

ఆ రోజు నుంచి స్కోరు అడగడం మానేశాను. ఇది అనుకున్నంత సులువు కాదండీ. నాలుక చివరిదాకా వస్తుంది. 'ఎలా జరిగింది' అన్నా స్కోరు అడిగినట్టే కాబట్టి అదీ మానేసి, 'ఆకలేస్తోందా' అని అడుగుతున్నాను.

ఇంట్లో రైఫిల్ ఉంటే కొన్ని పద్ధతులు తప్పవు. రైఫిల్ బీరువాలో, తాళం నా దగ్గర. పెల్లెట్లు వేరే గదిలో. గొట్టంలో ఎప్పుడూ రంగు తాడు దూర్చి ఉంటుంది, ఖాళీగా ఉందని కనపడడానికి. ఖాళీదైనా సరే మనిషి వైపు తిప్పకూడదు. పండక్కి వచ్చిన పిల్లలు ఫొటో దిగుతామన్నా కుదరదన్నాను, మా ఆడపడుచు కొంచెం నొచ్చుకుంది కూడా. గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉన్న రేంజికి వెళ్ళాలంటే ఇంటి పక్కనే మెట్రో ఉన్నా ఆ పెట్టెతో ఎక్కే ధైర్యం చేయలేదు. ఆటోకో క్యాబుకో సమర్పించుకోవడమే. జాకెట్టు ఉతకడానికి వీల్లేదు, వచ్చాక ఫ్యాను కింద ఆరేయాలి. మే నెలలో ఆ మందపాటి గుడ్డ వాసన గురించి రాయకపోవడమే మర్యాద. రోజూ పొద్దున అరగంట పెల్లెట్ లేకుండా, తెల్లగోడకి ఎదురుగా రైఫిల్ ఎత్తి అలా నిలబడుతుంది. ఆ అరగంట మా ఇంట్లో మిక్సీ వేయను. చట్నీ కొంచెం ఆలస్యమవుతుంది.

పతకాలేం రాలేదు. పోయిన పోటీలో ఎన్నో స్థానమో నాకు తెలియదు, నిజంగా తెలియదు. వచ్చే ఏడు ఇంటర్‌లో చేరాక ఇది కొనసాగుతుందో లేదో కూడా చెప్పలేను.

నిన్న ఆదివారం సాయంత్రం వచ్చి, పెట్టె బీరువాలో పెట్టి, "అమ్మా, సిలిండర్ నింపించాలి, గాలి అయిపోవస్తోంది" అంది. సరే, ఆకలేస్తోందా అన్నాను. స్కోరు అడగకూడదన్న నియమం మా అత్తగారికి లేదు.

"ఇవాళ ఎన్ని పిట్టల్ని కొట్టావే?" అన్నారు.

"పదహారు, నానమ్మా" అంది అది, బూట్ల లేసులు విప్పుకుంటూ.