రేవు వస్తోంది, యజమానులెవరు?

భావనపాడు తీరానికని తలపెట్టిన ఓడరేవు చివరకు మూలపేట పేరుతో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకొన్నది. వ్యయం 4,362 కోట్ల రూపాయలన్నారు. రేవు వస్తే ఉద్యోగాలు వస్తాయన్న మాట ఆనాటి నుంచి వింటూనే ఉన్నాము. మేము అడిగేది వేరు. ఆ రేవు చుట్టూ వెలిసే శీతల గిడ్డంగులకు, సరకు రవాణా సంస్థలకు, చేపల శుద్ధి కర్మాగారాలకు యజమానులెవరు? భావనపాడు మత్స్యకారుని బిడ్డా, శ్రీకాకుళం అత్తరు సాయిబు బిడ్డా గేటు దగ్గర కాపలాకే పనికివస్తారా?

‘ఇంటికో పారిశ్రామికవేత్త’ అన్నది నేటి ప్రభుత్వ నినాదం. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. ప్రాంతీయ కేంద్రాలు విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురాలకు దక్కాయి. విశాఖకు ఉత్తరాన ఒక్కటీ లేదు.

అంతకన్నా పెద్ద అన్యాయం జీవో 77. 2020 డిసెంబరులో వచ్చిన ఈ ఉత్తర్వు ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివే పేద విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటును, వసతి సాయాన్ని ఆపివేసింది. విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కదా అన్నారు. అక్కడి సీట్లు ఎందరికి సరిపోతాయి? బీసీ-ఈ కోటాలో డిగ్రీ దాకా వచ్చిన పిల్ల ఎంబీఏ గడప దగ్గర ఆగిపోయింది. మత్స్యకారుల పిల్లలకూ అదే గతి పట్టింది. రద్దు చేస్తామని 2024 ఎన్నికలకు ముందు మాట ఇచ్చినవారు ఆ మాటను బకాయిలతో సహా చెల్లించాలి. అటు కేంద్రం కూడా, విదేశాల్లో మాస్టర్స్ చదివే మైనారిటీ విద్యార్థుల రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పరదేశ్ పథకాన్ని 2022-23 నుంచి ఎత్తివేసింది.

మన పెద్దలలో కొందరు నవ్వుతారు. ‘వ్యాపారం తరగతి గదిలో వస్తుందా? మన తాతలు ఏ కాలేజీకి వెళ్లారు?’ అంటారు. ఈ మాటలో సగం నిజముంది. సరకు ఎంచడం, బేరమాడడం, అప్పు వసూలు చేయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ వాటాదారుల ఒప్పందం ఎలా రాయాలి, పేటెంటుకు ఎలా దరఖాస్తు చేయాలి, ఎగుమతికి ఏ అనుమతులు కావాలి, కంపెనీకి విలువ ఎలా కట్టాలి? ఇవి తెలియకనే మన దుకాణం మూడు తరాలైనా దుకాణంగానే మిగిలింది. పొద్దున ఒడ్డున పడిన చేప మంచు దొరక్కపోతే సాయంత్రానికి చవకబేరం. ఆ మంచును, బండిని, దూరపు కొనుగోలుదారును ఒక్క వరుసలో పెట్టగలిగినవాడే లాభం తింటున్నాడు. ఆ నేర్పు అబ్బే చదువు ఇదే. హైదరాబాదు ఐఐటీ దీనిని ఎంటెక్ స్థాయిలోనే బోధిస్తున్నది. కలవారి పిల్లలకు శాస్త్రమైనది మన పిల్లలకు వ్యర్థమెలా అయింది?

దైవప్రవక్త (స) వర్తకులు. హజ్రత్ ఖదీజా (రజి) పెట్టుబడితో ఆయన సరకు తీసుకుని సిరియా వెళ్లారు. ఒకరిది ధనం, ఒకరిది శ్రమ, లాభంలో ఇద్దరికీ వాటా. దీనినే మన ఫిఖ్‌హ్ ముదారబా అన్నది. నేటి స్టార్టప్ పెట్టుబడిదారుడు వడ్డీ అడగకుండా వాటా తీసుకుంటున్నాడంటే ఆ దారికి చాలా దగ్గరగా నడుస్తున్నాడు. మన యువకుడికి మాత్రం బ్యాంకు వడ్డీ రుణమే చూపుతుంది. వడ్డీలేని బ్యాంకింగును పరిశీలించమని రఘురామ్ రాజన్ కమిటీ 2008లో చెప్పినా, ఇస్లామిక్ బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు 2017 నాటికి తేల్చివేసింది. హరామ్ తినలేక, హలాల్ దొరకక ఆగిపోయిన ప్రతిభకు లెక్క ఎవరు చెబుతారు?

ప్రభుత్వాన్ని అడిగే నోటితో మనల్ని మనమూ అడుగుకోవాలి. మదీనా చేరిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన బజారు ఎక్కడో చూపమన్నారు. మన జమాఅతులు బజారు దారి చూపుతున్నాయా? షాదీఖానాలో ఒక్క రాత్రి కాలిపోయే ధనం ఒక విద్యార్థి రెండేళ్ల ఫీజు. అర్హులైన పేద విద్యార్థులకు జకాత్ ఇవ్వవచ్చునని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. ఆ పైన వాటా పద్ధతిలో ఒక నిధి పెట్టడానికి అడ్డెవరు?

శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. ఈ జిల్లాలో మనం జనాభాలో ఒక్క శాతం కూడా లేము, అందుకే ఏ ప్రణాళికలోనూ కనబడము. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో, రేవులో తొలి ఓడ నిలిచేలోపు, తీరప్రాంత వ్యాపారాలకు ప్రత్యేకించిన పీజీ కోర్సు తెరవాలి. అందులో మత్స్యకారుల పిల్లలకూ మైనారిటీల పిల్లలకూ పూర్తి ఫీజు ప్రభుత్వమే కట్టాలి. ఈ కోరికతో కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంపై మత్స్యకార సంఘాల పెద్దల సంతకాలు కూడా ఉండేలా ప్రతి మసీదు కమిటీ ఈ నెలలోనే వారి ఇంటి గడప తొక్కాలి.