మాత్రల సంచి విప్పి అడుగుదాం

పత్తికి పచ్చదోమ పట్టిందని పురుగుమందుల షాపుకు వెళితే షాపతను మూడు డబ్బాలు చేతిలో పెడతాడు. ఒకటి దోమకు, ఒకటి తెగులుకు, ఒకటి చెట్టు ఏపుగా రావడానికి. మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టమంటాడు. ముందు చేలోకి దిగి దోమ ఎంత ఉందో చూడండి, అసలు కొట్టాలో వద్దో తేల్చుకోండి అని ఈ పత్రికలో ఏళ్ల తరబడి రాస్తున్నాం. అదే మనం ఏడెనిమిది రకాల మాత్రలు రాసిన చీటీ అందుకుంటే మారుమాట లేకుండా కొనుక్కొస్తాం. నేనూ అలా కొనుక్కొచ్చినవాడినే.

మా అమ్మకు 72 ఏళ్లు. బీపీ మాత్ర ఎప్పటి నుంచో వేసుకుంటోంది. కిందటేడు నాట్లప్పుడు మోకాళ్లు పట్టేశాయంటే పట్నంలో ఎముకల డాక్టరుకు చూపించాం. ఏడు రకాలు రాశాడు. ఏది దేనికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 15 రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. నొప్పి తగ్గింది కదా అని నేను తీసుకెళ్లకుండా అదే చీటీ మీద నాలుగు నెలలు కొన్నాను. అది నా తప్పు. చీటీ మీద తేదీ కూడా చూడకుండా ప్రతి నెలా ఇచ్చిన మందుల షాపు వాడిది ఇంకో తప్పు. మధ్యలో నడుము నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ వేరే మాత్ర ఇచ్చాడు. కాళ్లు వాస్తే మరో డాక్టరు నీరు పోయే మాత్ర రాశాడు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు. నెలకు 3,400 రూపాయలయ్యేది. అంటే రెండున్నర డీఏపీ బస్తాల ధర.

అమ్మకు అన్నం సయించకపోతే జిల్లాలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. క్రియాటినిన్ 3.1 ఉంది. "వాడేవన్నీ తెచ్చారా?" అంది అక్కడి డాక్టరమ్మ. సంచి బల్ల మీద కుమ్మరించాను. ఆమె అట్టలు తిప్పి, పేరు కింద ఉండే చిన్న అక్షరాలు చదివి రెండు కుప్పలు పోసింది. ఎముకల డాక్టరు రాసింది ఎసిక్లోఫెనాక్, ఆర్‌ఎంపీ ఇచ్చింది డైక్లోఫెనాక్. రెండూ ఒకే జాతి నొప్పి మందులు. గ్యాస్ మాత్ర ఒక్కటే, రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు వేస్తున్నాం. నొప్పి మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు, నీరు పోయే మాత్ర, ఈ మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉందని, ముసలివాళ్లలో అది మరీ ఎక్కువని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. కాళ్ల వాపు కూడా నొప్పి మాత్ర వల్లే వచ్చి ఉండొచ్చంది. అంటే ఒక మందు తెచ్చిన బాధకు ఇంకో మందు మింగించామన్న మాట. నొప్పి మాత్రలు ఆపించి, బీపీ మందు మార్చింది. ఆరు వారాలకు 1.6కు దిగింది. మునుపటిలా మాత్రం కాలేదు.

డైక్లోఫెనాక్ పేరు పశువులున్నవాళ్లు విని ఉంటారు. ఆ మందు వేసిన పశువు చస్తే, ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై గుంపులుగా చచ్చాయి. 2006లో పశువైద్యంలో దాన్ని ఆపించారు. మనిషి రాబందు కాదు, డాక్టరు చూసి నాలుగు రోజులకిస్తే పనికొచ్చే మందే. నెలల తరబడి చిరుతిండిలా మింగే మందు కాదు.

ఎక్కువ మందులు రాసిన ప్రతి డాక్టరూ దొంగ అని నేను అనను. షుగరు, బీపీ, గుండె జబ్బు మూడూ ఉన్న మనిషికి ఆరు మాత్రలు నిజంగానే కావాల్సి రావచ్చు. అందుకే ఈ వ్యాసం చదివి ఎవరూ సొంతంగా మందులు మానేయకండి. బీపీ, షుగరు, గుండె, మూర్ఛ, టీబీ మందులు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆపాల్సింది డాక్టరే. అడగాల్సింది మనం. ఈ మాత్ర దేనికి? ఎన్ని రోజులు? ఇప్పటికే వాడుతున్నవాటితో పడుతుందా? వీటిలో ఏదైనా తీసేయొచ్చా? కోపంగా అక్కర్లేదు, చీటీ చేతిలోకి తీసుకునే ముందు మామూలుగా అడగండి. విసుక్కుంటే సంచి తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవాళ్లు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. మరీ అన్యాయం జరిగితే రాష్ట్ర వైద్య మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. చీటీలు, బిల్లులు పారేయకండి, ఆధారం అవే.

మందు అసలు పేరు స్పష్టంగా రాయాలని ఆ నియమావళికి 2016లో సవరణ కూడా తెచ్చారు. అమలు మీకు తెలిసిందే. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ జనరిక్ పేర్లు తప్పనిసరి చేస్తూ, కంపెనీల కానుకలు పుచ్చుకోవద్దంటూ కొత్త నిబంధనలు తెచ్చింది. డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అదే నెలలో వాటిని పక్కన పెట్టేశారు. మన గిట్టుబాటు ధర చట్టానికి మాత్రం ఇంత వేగం ఎప్పుడూ కనబడలేదు.

మన వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. సూది వేయకుండా పంపితే ఏం డాక్టరని ఈసడించేది మనమే. నీరసమని సెలైన్ పెట్టించుకునేది, జలుబుకు యాంటీబయాటిక్ అడిగి మరీ తెచ్చుకునేది మనమే. కలుపు కూలికి వెళ్లే ఆడవాళ్లు నొప్పి మాత్ర వేసుకోకపోతే రోజు కూలి పోతుందంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మండల కమిటీలకు ఒక పని చెబుతున్నాం. వచ్చే నెల గ్రామ సమావేశాల్లో 60 దాటినవాళ్లు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని రావాలి. ఏది ఆపాలో మనం చెప్పం. అట్టల మీది అసలు పేర్లు చదివి ఒక కాగితం మీద రాసి ఇస్తాం. రెండుసార్లు వచ్చిన పేరు కింద గీత గీస్తాం. ఆ కాగితం పట్టుకుని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి కలిసి వెళదాం. బీపీ, షుగరు మందులు అక్కడ నెలంతా ఉంటున్నాయో లేదో కూడా అదే రోజు అడిగి రాసుకుందాం. మా అమ్మ సంచి కూడా తెస్తాను. ఇప్పుడందులో మూడే అట్టలున్నాయి.