మొదటి సూదికి ముందే

మేం డయాలసిస్ మంచాల దగ్గర రోజులు గడిపినవాళ్లం. రోగులం, వాళ్ల భార్యలం, కొడుకులం, మిషన్ నడిపే టెక్నీషియన్లం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానం జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కష్టపడ్డవాళ్ల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అది తేలేదాకా ఆగలేని కోరిక మాది. డయాలసిస్ మొదలుపెట్టబోయే మనిషికి ఇంకా ఎంతకాలం బతకొచ్చో ముందే చెప్పాలి. రోగి అడిగేదాకా చూడకుండా 'తెలుసుకోవాలనుందా?' అని డాక్టరుగారే అడగాలి. వద్దంటే ఆ మాటా మన్నించాలి.

కొడుకుని వరండాలోకి పిలిచి చెప్పే పద్ధతి పోవాలి. 'నాన్నకి చెప్పకండి సార్' అని మాలో చాలామందిమి బతిమాలినవాళ్లమే. ప్రేమకొద్దీ అన్నాం. కానీ తోట కౌలుకివ్వాలా, కూతురి పెళ్లి ఈ ఏడే చెయ్యాలా అన్నది ఆ తండ్రి ఏమీ తెలియకుండానే తేల్చుకోవలసి వచ్చింది. అది మేం చేసిన తప్పు.

ఫలానా తేదీ చెప్పమని ఎవరూ అడగరు. వయసు, గుండె, షుగరు, లేచి నడవగలగడం, వీటిని బట్టి నెలల మాటా ఏళ్ల మాటా అన్నది చెప్పొచ్చు. అమెరికా నర్సింగ్ హోముల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మంది వివరాలు 2009లో వెలువడ్డాయి. ఏడాది తిరిగేసరికి 58 శాతం మంది చనిపోయారు. తమ పనులు మునుపటిలా చేసుకోగలిగినవాళ్లు 13 శాతమే. కిడ్నీ మార్పిడికి వీలున్న నలభై ఏళ్ల కౌలురైతుకి ఈ లెక్క చెప్పి బెదరగొట్టకూడదు. మంచం పట్టిన ముసలమ్మ దగ్గర మాత్రం దాచకూడదు. మిషన్ ఎక్కకుండా ఆయాసం, దురద, వాంతులు మందులతో తగ్గించుకుంటూ ఇంట్లోనే ఉండే దారి ఉందని ఆమెకు చెప్పాలి. అదీ వైద్యమే.

ఆయుష్షుతోపాటు రోజు గడిచే తీరూ చెప్పాలి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. నీళ్లు కొలుచుకుని తాగడం. ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నా పోయే కూలిరోజులు. మొదలెట్టాక ఆపాలనిపిస్తే ఆపే హక్కు రోగికి ఉందనీ, ఆపితే ఏమవుతుందనీ కూడా.

ఇవన్నీ, అత్యవసరంగా డయాలసిస్ కోసం మెడలో గొట్టం వేసిన రాత్రి చెబితే ఎవరి తలకెక్కుతుంది? డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా మాట ఎత్తిన రోజే చెప్పాలి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడా, డయాలసిస్ జరిగే ప్రతిచోటా, తలుపు వేసుకోగల ఒక గది కావాలి. రోగికి, ఇంటివాళ్లకి, డాక్టరుగారికి మూడు కుర్చీలు కావాలి. అరగంట తీరిక కావాలి.