గంజి రంగు, మజ్జిగ రంగు

లాలాగూడలో మా వీధి చివరి పాత ఇంటిని పోయిన ఏడాది అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చేశారు. ఆ ఇంటి పెద్దాయన రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. చుట్టరికమేమీ లేదు గానీ చిన్నప్పటి నుంచీ ఆయన నాకు బాబాయి, ఆవిడ పిన్ని. కూతురు, కొడుకు ఇద్దరూ అమెరికాలోనే. అందుకని టైల్స్ చూడ్డానికి తోడు రమ్మని నన్ను పిలిచారు.

ఒక్క పూట పనే అన్నారు బాబాయి. నాలుగు ఆదివారాలు పట్టింది.

బిల్డరు ఇచ్చిన కాగితంలో అన్నీ రాసే ఉన్నాయి. నేలకు ఇంత ఖరీదు టైల్స్, బాత్రూముకు ఇలాంటి కుళాయిలు, తలుపులకు ఫలానా చెక్క. అంతకు మించి కావాలంటే తేడా డబ్బు మనం కట్టుకోవాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. దుకాణంలోకి అడుగు పెట్టాక గానీ తెలీదు, ఆ తేడా ఎన్ని రకాలుగా కవ్విస్తుందో.

రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు పలకలు గోడ పొడవునా నిలబెట్టి ఉన్నాయి. ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చినవే. అద్దంలా మెరిసేవి, మెరుపు లేనివి, కలపలా కనిపించేవి, పాలరాయిలా కనిపించేవి. కుర్రాడు ఒక్కోటి తిప్పి చూపిస్తున్నాడు. "ఇది ఐవరీ సార్, ఇది బీజ్, ఇది ఆఫ్‌వైట్, ఇది క్రీమ్." బాబాయి నా వంక చూశారు. నేను పిన్ని వంక చూశాను. ముగ్గురికీ అవన్నీ ఒకే రంగులా ఉన్నాయి.

కాసేపటికి పిన్నే దారి కనిపెట్టింది. "ఇది గంజి రంగు. ఇదేమో పలచటి మజ్జిగ. అది బియ్యం కడిగిన నీళ్లు." అంతే, ఆ క్షణం నుంచి మాకు తేడాలు కనిపించడం మొదలైంది. కుర్రాడు కూడా రెండు నిమిషాల్లో ఆ పేర్లే పట్టుకున్నాడు. "ఆంటీ, మీ మజ్జిగలోనే కొంచెం చిక్కటిది ఉంది, చూపించనా?" అన్నాడు.

మధ్యలో డాలస్ నుంచి కొడుకు వీడియోలోకి వచ్చాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది. కళ్లు నులుముకుంటూనే "ఇటాలియన్ మార్బుల్ వేయించుకోండి నాన్నా, తేడా నేను పంపుతా" అన్నాడు. బాబాయి ఫోన్‌ని టైల్ దగ్గరికి పెట్టి చూపించారు. "తెల్లగా ఉంది" అన్నాడు వాడు. పక్కదాని మీద పెట్టారు. "ఇదీ తెల్లగానే ఉంది." గంజికీ మజ్జిగకీ ఉన్న తేడా సముద్రాలు దాటి వెళ్లలేదు.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నవాళ్లు ఇటుక, సున్నం, అప్పుల గురించే అని ఉంటారు. స్విచ్ బోర్డు ఏ రంగులో ఉండాలో తేల్చుకోలేక రాత్రిళ్లు నిద్ర మానుకునే రోజు ఒకటి వస్తుందని వాళ్లకేం తెలుసు! వంటగది అరల తలుపులకు లామినేటా, యాక్రిలికా? కిటికీలకు అల్యూమినియమా, యూపీవీసీయా? హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉండాలా, ఉంటే దాని లోపల వెలుగు పసుపా, తెలుపా? ఒక్కోటీ చిన్న ప్రశ్నే. అన్నీ కలిసి మనిషి మీద పడితే తలప్రాణం తోకకొస్తుంది.

మూడో ఆదివారం దుకాణం బయట టీ తాగుతూ బాబాయి తన పాత ఇంటి సంగతి ఎత్తుకున్నారు.

ఆ ఇల్లు 1979లో కట్టారు. సిమెంటు పర్మిట్ మీద దొరికే రోజులు. 1982లో ఆ కట్టడి కాస్త సడలేదాకా నాలుగు బస్తాల కోసం తిరగడమే ఓ ఉద్యోగం. ఎంచుకోవడం అనే మాటే లేదట. నేలకు తాండూరు బండ, వంటగట్టుకు కడప బండ, పెరట్లో షాబాద్ బండ. తాండూరు సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే రైలు దారి మీదే ఉంది, 1874లో పడ్డ దారి అది. "మా డిపార్టుమెంటు దారిలో వచ్చిన బండే కదా అనుకున్నాం" అని నవ్వారాయన.

అప్పటికి చేతిలో డబ్బు హాలుకీ వంటింటికీ సరిపోయింది. వెనక గదికి మట్టి నేలే. పిండి కొద్దీ రొట్టె. ఆ తర్వాత ఇల్లు తనంతట తాను, నెమ్మదిగా, వాళ్లతో పాటే పెరిగింది. వెనక గదికి గచ్చు పడింది పిల్లవాడు పాకడం మొదలెట్టాక. కిటికీలకు జాలీ వచ్చింది పిల్లకు మలేరియా తగిలిన ఏడు. బాత్రూము గోడలకు తెల్ల టైల్స్ ఐదో వేతన సంఘం బకాయిలు చేతికొచ్చినప్పుడు. హాల్లో మొజాయిక్ మాత్రం పిన్ని చీటీ పాట డబ్బు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ కొంచెం నిటారుగా కూర్చుంది.

ఆ ఇల్లు కూల్చేటప్పుడు నేనూ వెళ్లి చూశాను. గడ్డపార తగిలిన చోట గోడ పెచ్చులూడి, లోపలి పొరలన్నీ బయటపడ్డాయి. అడుగున నీలిమందు కలిపిన సున్నం. దాని మీద ఆకుపచ్చ డిస్టెంపర్. ఆ మీద లేత గులాబీ. అన్నింటికీ పైన ఈమధ్యనే కొట్టిన ఎమల్షన్. పిన్ని ఆ గులాబీ పొర మీద వేలు పెట్టి, "ఇది అమ్మాయి పెళ్లికి వేయించింది" అంది. ఆ పక్కన ఆకుపచ్చ చూపించి ఏమీ అనలేదు. అది ఏ సంవత్సరమో ఆవిడకు గుర్తుండే ఉంటుంది. నేనూ అడగలేదు.

ఇప్పుడు అవే పొరలన్నీ ఒక్క మధ్యాహ్నంలో తేల్చాలి. పాకే పిల్లవాడు లేడు. బకాయిలు లేవు. చీటీ పాట లేదు. జీవితం వచ్చి అడగకముందే జవాబులన్నీ రాసివ్వాలి. దుకాణంలో వాళ్ల తడబాటు రంగుల గురించి కాదేమోనని నాకప్పుడు అనిపించింది.

ఈ తడబాటు మన ఒక్కళ్లదే అనుకోనక్కర్లేదు. మా వీధి నుంచి తార్నాక దాటితే ఉస్మానియా యూనివర్సిటీ. ఆ ఆర్ట్స్ కాలేజీ కట్టే ముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఆర్కిటెక్టులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. అన్నీ చూశాక బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను కుదుర్చుకున్నారు. 1934లో పునాదిరాయి పడితే 1939కి భవనం లేచింది. ప్రపంచమంతా తిరిగి తెచ్చుకున్న ఆలోచనలకు చివరికి ఒళ్లంతా తొడిగింది మాత్రం గులాబీ గ్రానైటే.

పొద్దున నడకకు వెళ్లే వాళ్లలో చాలామంది ఆ మెట్ల మీద కాసేపు కూర్చుంటారు. బాబాయి కూడా. ఓ రోజు ఆ రాతి మీద అరచెయ్యి ఆనించి, "దీనికి వారంటీ ఎంతంటావ్?" అని అడిగారు. హైదరాబాద్ నేల కింది గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అటు హబ్సిగూడ వైపు నాలుగడుగులు వేస్తే భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, రాళ్ల వయసులు లెక్కపెట్టేవాళ్లు అక్కడ ఉన్నారు. మన కుళాయికి మాత్రం పదేళ్లు రాసిస్తే పదిసార్లు చదువుకుంటాం.

నాలుగో ఆదివారానికి ఆయన తన పద్ధతికి వచ్చేశారు. వర్క్‌షాప్ మనిషి కదా. లాలాగూడ వర్క్‌షాప్ 1893 నాటిది. పట్టాల మీద తిరిగే ప్రతి పెట్టే కొన్నాళ్లకు వర్క్‌షాప్‌కి రావలసిందే. విప్పి, కడిగి, అరిగినవి మార్చి, రంగు వేసి పంపుతారు. దాన్ని వాళ్లు పీఓహెచ్ అంటారు. "పీఓహెచ్‌కి రాని పెట్టె ఉండదు. ఇల్లయినా అంతే" అన్నారు. "పైకి కనిపించేది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడ లోపలికి పోయేదీ, నేల కిందికి పోయేదీ మనం మంచివి పెట్టాలి."

అలా తేడా డబ్బులో ఎక్కువ భాగం కంటికి కనపడని చోటికి వెళ్లింది. బాత్రూము నేల కింద నీరు ఇంకకుండా వేసే పూతకు, మంచి పైపులకు, దళసరి వైర్లకు. ఇటాలియన్ మార్బుల్ సంగతి కొడుకు రెండుసార్లు గుర్తుచేసి ఊరుకున్నాడు. నేలకు గంజి రంగే ఖాయమైంది. వంటగట్టుకు ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైట్, చీకట్లో చుక్కల్లా మెరుపులుంటాయే, అది. పిన్ని అడిగింది ఒక్కటే. ఆ గట్టు అందరికీ పెట్టే ఎత్తు కన్నా రెండంగుళాలు తగ్గించమంది. నలభై ఏళ్లుగా మడమలెత్తి దోసెలు పోశానని అప్పుడు చెప్పింది. బాబాయికి ఆ సంగతి అదే మొదటిసారి తెలియడం. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంతకీ నాకు మరుపు రానిది ఆ పాత ఇంటి డాబా. మీరు చూసే ఉంటారు, పాత కాలనీల్లో డాబా మీద పిల్లర్లు మోకాలెత్తున ఆగిపోయి, వాటిలోంచి ఇనుప చువ్వలు ఆకాశంలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి, ఒక్కోచోట ఖాళీ సీసాలు బోర్లించి ఉంచుతారు. పై అంతస్తు కోసం వదిలినవి. కొడుకు ఉద్యోగంలో కుదురుకున్నాక, కోడలు వచ్చాక వేద్దామని.

మా వీధిలో చాలా ఇళ్లకు ఆ అంతస్తు రాలేదు. ఆ చువ్వలకు బట్టలు ఆరేసే తాడు కట్టారు. సంక్రాంతికి గాలిపటాలు వాటికే చిక్కుకునేవి. చిన్నప్పుడు మాకవి అందవికారంగా, ఇల్లు సగంలో ఆపేసినట్టుగా అనిపించేవి. ఇప్పుడనిపిస్తుంది, కింద మట్టి నేల మీద చాపేసుకుని పడుకున్నవాళ్లు కూడా తలమీద రేపటికని కాస్త చోటు వదిలిపెట్టుకున్నారని.

కొత్త ఫ్లాట్లకు చువ్వలుండవు. పైన ఇంకొకరి నేల ఉంటుంది. అందుకే కాబోలు, అన్నీ ఇప్పుడే, ఈ ఆదివారమే పూర్తయిపోవాలన్న తొందర మనకు. లోటు ఎక్కడా కనిపించకూడదు, మూల ఏదీ ఖాళీగా ఉండకూడదు. తప్పేమీ లేదు. జన్మకో శివరాత్రిలా ఒక్కసారి కట్టుకునే ఇల్లు, ముచ్చట తీర్చుకోవాలనే ఉంటుంది.

శ్రావణంలో గృహప్రవేశమైంది. పాలు పొంగించారు. పిన్ని గట్టు దగ్గర నిలబడితే భుజాలు తేలిగ్గా ఉన్నాయి. వచ్చినవాళ్లలో ఒకరు కుళాయిని మెచ్చుకున్నారు, ఇంకొకరు సీలింగ్ వెలుగుని. నేల రంగు గురించి ఒకావిడ "ఇదేం రంగండీ, బాగుంది" అంది. పిన్ని తడుముకోకుండా "గంజి" అంది.

భోజనాలయ్యాక బాబాయి నన్ను హాలు గోడ దగ్గరికి తీసుకెళ్లారు. ఓ మూల, నేలకు జానెడు ఎత్తున, చిన్న తెల్ల మూత. స్విచ్ లేదు, ప్లగ్గు లేదు. కరెంటు పనివాడు వైరింగ్ చేసేటప్పుడు అడిగాడట, "ఇదేం పాయింటు సార్?" అని.

"ఏ పాయింటూ కాదు, ఖాళీ పైపు. లోపల సన్న తీగ ఒకటి వదిలిపెట్టించా" అన్నారు బాబాయి. "రేపు మనవలొస్తే వాళ్లకేం కావాలో మనకేం తెలుసు! గోడ పగలగొట్టకుండా లాక్కుంటారు."

ఆ మూత మీద వేళ్లతో రెండుసార్లు తట్టారు. లోపల బోలుగా మోగింది.