సగం మాత్రే కదా!

మొన్నామధ్య రాత్రి పదకొండింటికి మా రూమ్మేట్ గాభరాగా వచ్చాడు. "ఒరేయ్, పిల్లి కుంటుతోందిరా, పాలు కూడా ముట్టలేదు. పారాసెటమాల్ సగం వేసేద్దామా?" అప్పటికే మాత్ర విరిచి చేతిలో పట్టుకున్నాడు. "సగమే కదా, వెయ్యి" అనబోయి, ఎందుకో ఆగి, వెటర్నరీ డాక్టరుకి ఫోన్ చేశాను. "వేసేశారా? లేదు కదా? అస్సలు వెయ్యకండి!" అన్నారాయన.

మనందరి లెక్కా ఒకటే. మనం అరవై కిలోలు, పిల్లి నాలుగు కిలోలు, కాబట్టి చిన్న ముక్క చాలు. లెక్క బాగానే ఉంది. బగ్గల్లా పిల్లిని చిన్న సైజు మనిషి అనుకోవడంలోనే ఉంది.

పారాసెటమాల్‌ని మన లివర్ చాలావరకు ప్రమాదం లేని రూపంలోకి మార్చి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లికి దాదాపు లేనట్టే. దాంతో మందు కాస్తా విషమై ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు. చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి, ఊపిరాడదు. ప్రాణం పోవడానికి ఒక్క మాత్ర చాలు. క్రోసిన్ అన్నా, డోలో అన్నా లోపల ఉన్నది అదే.

కుక్కలున్నవాళ్ళూ నిశ్చింతగా ఉండక్కర్లేదు. ఐబుప్రోఫెన్ వాటికి కడుపులో పుళ్ళు, రక్తస్రావం తెప్పిస్తుంది, కిడ్నీలనీ పాడుచేస్తుంది. కాంబిఫ్లామ్‌లో అయితే ఈ రెండు మందులూ కలిసే ఉంటాయి.

నన్నడిగితే అసలు జబ్బు మన అలవాటుదే. తలనొప్పొస్తే ఆఫీసు డ్రాయర్లోంచి స్ట్రిప్పు తీసి వేసేసుకుంటాం. మన ఒంటి మీద మన ప్రయోగం, మన ఇష్టం. తేడా చేస్తే చెప్పుకోలేని నోరులేని జీవి మీద కూడా అదే చేస్తే ఎలా? ప్రేమతో చేశాం అంటే విషం ఊరుకుంటుందా?

ఒకవేళ పొరపాటున మింగేస్తే, ఏమవుతుందో చూద్దాం అని కూర్చోకండి. స్ట్రిప్పు పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఎంత మింగిందో, ఎప్పుడు మింగిందో చెప్పండి. పారాసెటమాల్‌కి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడుంది. అది ఎంత తొందరగా పడితే అంత మంచిది.

ఇంతకీ మా పిల్లి కుంటడానికి కారణం పాదంలో విరిగిన చిన్న ముల్లు. పొద్దున్నే డాక్టరుగారు రెండు నిమిషాల్లో తీసేశారు. ఇప్పుడది నా కీబోర్డు మీదే పడుకుని ఉంది. ఆ సగం మాత్ర వేసుంటే ఉండేది కాదు.