మూతి లేని కుండ

మొన్న ఆదివారం మా అమ్మాయి కాలేజీ లైబ్రరీ నుంచి ఓ బొమ్మల పుస్తకం తెచ్చింది. అందులో ఓ కుండను చూసి మా ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"దీనికి మూతి ఏదీ? నీళ్ళు పొయ్యడానికి లేదు, పప్పు వండడానికి లేదు. ఇదేం కుండండీ?"

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ప్రశ్న చెవిన పడితే ఊరుకోలేను. పుస్తకం ముందేసుకు కూర్చున్నాను.

ఆ కుండ చేసిన మనిషి పేరు తొషికో తకాయెజు. 1922లో హవాయి దీవుల్లో, జపాను నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టింది. పదకొండుమంది సంతానంలో ఒకతె. 1951లో మిషిగన్ వెళ్ళి, క్రాన్‌బ్రుక్‌లో మైయా గ్రొటెల్ అనే ఫిన్లండు ఆవిడ దగ్గర మూడేళ్ళు శిష్యరికం చేసింది. తరవాత తానే గురువై క్లీవ్‌లండులోనూ, 1967 నుంచి 1992 దాకా ప్రిన్‌స్టన్‌లోనూ పాఠం చెప్పింది. 2011లో కన్నుమూసింది.

మొదట్లో తొషికో కూడా అందరిలాగే గిన్నెలూ కూజాలూ చేసింది. రానురాను కూజా మూతి సన్నబడి, చివరికి మూసుకుపోయింది. లోపలి ఆవిరి పోవడానికి సూదిబెజ్జమంత కన్నం మాత్రం మిగిలింది. ఇక అది సామాను కాదు. చుట్టూ తిరిగి చూడవలసిన శిల్పం. కొన్ని మనిషెత్తున ఉంటాయి.

అసలు చిత్రం లోపలుంది. మూతి మూసేముందు ఓ చిన్న మట్టి ఉండను, తడి గోడకు అంటుకోకుండా కాగితంలో చుట్టి, లోపల వేసేదట. ఆవంలో కాగితం కాలిపోతుంది. ఉండ గట్టిపడుతుంది. కుండ కదిపితే లోపల గలగలమంటుంది.

"గిలక్కాయన్నమాట!" అంది మా ఆవిడ. తొషికోకు కుండలు చెయ్యడమూ, వంటా, పెరట్లో కూరగాయలు పెంచడమూ ఒకటేనని చెప్పేసరికి మరీ సంతోషించింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కిందటేడు వెనకబెంచీ కుర్రవాడొకడు ఛందస్సు ఎన్నిసార్లు చెప్పినా అప్పజెప్పలేకపోయాడు. విసిగిపోయి, "మూతి లేని కుండవురా నువ్వు! ఎంత పోసినా లోపలికి దిగదు" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మర్నాటినుంచి అతను రాలేదు. నేనూ వాకబు చెయ్యలేదు.

పొయ్యడం తప్ప, ఒక్కసారి కదిపి విన్నానా?

సాయంత్రం పాత హాజరుపట్టీ తీసి అతని ఊరు చూసుకున్నాను. ఉత్తరం మొదలుపెట్టాను. "చిరంజీవి" అన్న మాట దాటి ఇంకా కలం సాగడంలేదు.