క్వార్టర్‌తో పాటు నీళ్లకూ బిల్లేనా?

మొన్న గద్వాలలో ఓ బార్‌లో కూర్చున్నాం. నేను, వనపర్తి దోస్తు, నాగర్‌కర్నూల్ దోస్తు. ఆర్డర్ ఇంకా చెప్పనేలేదు, టేబుల్ మీదకు వాటర్ బాటిల్ వచ్చేసింది. టక్కున మూత కూడా తీసేశాడు వెయిటర్.

'తమ్మీ, మామూలు నీళ్లు లేవా?'

'లేవన్నా, బాటిలే.'

బయట 20 రూపాయల బాటిల్, బిల్లులో 40 అయింది.

అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. మధ్యలో ఉంది కాబట్టే మాది నడిగడ్డ. వనపర్తోడికి సంస్థానం నాటి సప్త సముద్రాలు, నాగర్‌కర్నూలోడికి కేసరి సముద్రం. ఇన్ని నీళ్లున్నోళ్లం గ్లాసు నీళ్ల కోసం బతిమాలుకున్నాం!

ఒకడు వెంటనే వాట్సాప్ ఫార్వర్డ్ తీశాడు. '1867 సరాయిల చట్టం ప్రకారం ఎక్కడైనా నీళ్లు ఫ్రీ' అట. మీకూ వచ్చే ఉంటుంది. నమ్మకండి. ఆ చట్టంలో సరాయిల బావులు, చెరువులు శుభ్రంగా ఉంచాలని ఉంది గానీ, ఫ్రీ అనే మాట లేదు.

మరి బాటిల్‌పై ఎమ్మార్పీ? హోటళ్లు, రెస్టారెంట్లు అంతకంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. అక్కడ జరిగేది వట్టి అమ్మకం కాదు, సేవ కూడా అని దాని లెక్క.

సరే, ఆ లెక్కే తీసుకుందాం. కుర్చీకీ, ఏసీకీ, సేవకూ కలిపి డబ్బులు గుంజుతున్నప్పుడు, గ్లాసు మంచినీళ్లు ఆ సేవలో భాగం కాదా?

హైదరాబాద్‌లో భాగమే. జీహెచ్‌ఎంసీ పరిధిలోని హోటళ్లు, రెస్టారెంట్లు శుద్ధి చేసిన నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2023లో ఆదేశాలొచ్చాయి. ఇవ్వని ఓ రెస్టారెంట్‌తో 2024లో వినియోగదారుల కమిషన్ రూ.5,000 పరిహారం కట్టించింది. కానీ ఆ ఆదేశం నగరం దాటి రాలేదు. పాలమూరోళ్లకు దాహం వేయదా?

ఇంగ్లండ్‌లో 2010 నుంచి బార్‌లో అడిగితే కుళాయి నీళ్లు ఫ్రీగా ఇవ్వాల్సిందే. లైసెన్సు షరతుల్లోనే రాశారు. ఎందుకంటే మందు ఒంట్లో నీళ్లను లాగేస్తుంది. మధ్యమధ్యలో నీళ్లు తాగితేనే తాగే స్పీడు తగ్గుతుంది. బాటిల్‌కి 40 పెట్టలేక మందులో నీళ్లు తగ్గించి కలుపుకునేటోళ్లను నేను పక్క టేబుల్లోనే చూశా. ఇక్కడ నీళ్లంటే మర్యాద ఒక్కటే కాదు, ప్రాణం కూడా. ఈ షరతు మన బార్ లైసెన్సుల్లోనూ రాయాలి.

అప్పటిదాకా? మూత తీయకముందే 'ఆగు తమ్మీ, జగ్గు తే' అనండి. ఇవ్వకపోతే బిల్లు దాచుకోండి, 1915కి ఫోన్ కొట్టండి. ఆ తమ్ముడి మీద మాత్రం అరవకండి. ఆయనకు పైనుంచి చెప్పిందే ఆయన చేస్తాడు.

ఆ రోజు మేం లేచేటప్పుడు ఆయన వంటింటి వైపు వెళ్లి, ప్లాస్టిక్ జగ్గెత్తి గటగటా తాగుతూ కనిపించాడు. నీళ్లు ఉన్నాయన్నమాట!